ఏడో దయాకార్యం

రాయప్ప గురువులకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఇంకోసారి అడగమనేవారు. వినపడక కాదు. మొదటిసారి మనిషి నోటికి అలవాటైన మాటలతో అడుగుతాడనీ, రెండోసారి అడిగేటప్పుడు గానీ తనకు నిజంగా కావలసింది బయటపెట్టడనీ ఆయన నమ్మకం. ఆయన నడిపిన ఉపదేశుల శిక్షణ కేంద్రంలో చదువుకున్నవాళ్ళందరూ ఏదో ఒక రోజు ఆయన ముందు నిలబడి ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగినవాళ్ళే. పల్లెల్లో పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశులు, మఠాల నుంచి వచ్చిన సిస్టర్లు, గురుపట్టానికి చదువుతూ మధ్యలో ఒక ఏడాది సేవకు వచ్చిన బ్రదర్లు అక్కడ ఉండేవారు.

అలా వచ్చిన బ్రదర్లలో జోజిబాబు ఒకడు. చురుకైనవాడు, ఏ పని అప్పగించినా శ్రద్ధగా చేసేవాడు. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలకు కతోలిక మతవిద్య లక్ష్యాలేమిటో రాసి ఇమ్మని ఆ ప్రాంతపు గుళ్ళన్నిటినీ చూసే మేత్రాసనం వాళ్ళు అతనికి పని ఒప్పజెప్పారు. అతను చాలా పుస్తకాలు తిరగేసి, తోటివాళ్ళతో వాదించి, చక్కటి మాటల్లో చాలా రాశాడు. ఏది ముందు పెట్టాలో మాత్రం తేలలేదు. విశ్వాస సత్యాలు కంఠతా రావడం ముఖ్యమని ఒకరన్నారు. ఆ వయసులో నడవడిక దిద్దడమే ముఖ్యమని ఇంకొకరన్నారు. సాయంత్రం ప్రార్థన అయ్యాక గురువులు వరండాలో కూర్చుని ఉన్నప్పుడు అతను వెళ్ళి, ఈ వయసు పిల్లల మతవిద్యకు ప్రధాన లక్ష్యం విశ్వాస జ్ఞానమా, ప్రార్థనా జీవితమా, నైతిక శిక్షణా అని అడిగాడు. గురువులు మామూలుగానే ఇంకోసారి అడగమన్నారు. జోజిబాబు కొంచెం ఆలోచించి, "వాళ్ళకి ఏం వస్తే మనం నేర్పినట్టు, ఫాదర్ గారూ?" అన్నాడు. అప్పుడు గురువులు అతన్ని కూర్చోమని, తాను వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్ళు పనిచేసిన ఒక ఊరి సంగతి చెప్పారు. తాను వెళ్ళేనాటికే జరిగిపోయిన సంగతి అనీ, అక్కడి సిస్టర్ నోటా, పొగాకు పనికి వెళ్ళే ఒక ముసలామె నోటా విన్నాననీ ముందే చెప్పి మొదలుపెట్టారు.

ఊరి పేరు గుండ్లమేరక. పొగాకు పండే నేల. ఊళ్ళో సగం ఇళ్ళు కతోలికులవి. రాతి గుడి, గుడి పక్కన బడి, బడి వెనక మఠం. అక్కడ సిస్టర్ ఫిలోమిన పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది. ఆమె చెబితే పిల్లలకు వచ్చి తీరవలసిందేనని చుట్టుపక్కల గుళ్ళ కింద ఉండే విచారణల్లో కూడా పేరు. ఆ ఏడాది మేత్రాసనానికి పెద్ద అయిన పీఠాధిపతులు వచ్చి పిల్లలకు భద్రమైన అభ్యంగనం ఇస్తారని కబురు వచ్చింది. పసితనంలో జ్ఞానస్నానమప్పుడు తల్లిదండ్రులు తమ తరఫున చెప్పిన మాటను, పిల్లలు బుద్ధి తెలిసే వయసులో తమదిగా చెప్పుకునే సంస్కారం అది. పీఠాధిపతులు నుదుట పరిమళ తైలంతో సిలువ గుర్తు వేస్తారు. సిస్టర్ ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదలైనప్పటి నుంచి పిల్లల్ని రోజూ బడి అయ్యాక కూర్చోబెట్టుకుంది.

ఆ పిల్లల్లో జసింత ఒకతె. పదమూడేళ్ళది. మాట తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. దాని తల్లి తెరేజ పొగాకు ఆరబెట్టే బేరన్లలో ఆకు గ్రేడింగుకు వెళ్ళేది. తెరేజకు ఆ గుళ్ళోనే పెళ్ళయింది. కూతురు పుట్టాక మొగుడు చెప్పకుండా ఎటో వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళు ఎదురుచూసి, తర్వాత ఆమె ఒక లారీ డ్రైవరుతో కలిసి ఉంది. అతనిది వేరే మతం. మొదటి మొగుడు బతికే ఉన్నాడు కాబట్టి గుళ్ళో ఇంకో పెళ్ళి కుదరదు. అందుకని పూజలో అందరికీ ఇచ్చే సత్ప్రసాదం ఆమెకు లేదు. అయినా ప్రతి ఆదివారం పూజకు వచ్చేది. తలుపు దగ్గర నిలబడేది. అందరూ లేచి సత్ప్రసాదానికి వెళ్ళేటప్పుడు పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. చివరికి ఆ డ్రైవరూ రావడం మానేశాడు. ఆ తర్వాత కూడా ఆమె తలుపు దగ్గరే నిలబడేది. ముందుకు రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని ఆమే అడగలేదు.

జసింతకు స్నేహితురాలు లూర్దుమేరి. గుడిపెద్ద ఇన్నారెడ్డి కూతురు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. శరీర సంబంధమైన దయాకార్యాలు ఏడూ సిస్టర్ నేర్పినప్పుడు ఇద్దరూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ నేర్చుకున్నారు. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుట, దప్పిగొన్నవారికి నీళ్ళిచ్చుట, వస్త్రహీనులకు వస్త్రములిచ్చుట, నిలువ నీడ లేనివారికి చోటిచ్చుట, రోగులను పరామర్శించుట, చెరలో ఉన్నవారిని చూడబోవుట, మరణించినవారిని సమాధి చేయుట. సిస్టర్ వీటిని ఊరికే వల్లె వేయించలేదు. ఒక్కొక్కటి చెప్పి, మన ఊళ్ళో దీన్ని ఎలా చేస్తారో చెప్పమని పిల్లల్నే అడిగింది. ఏడోదాని దగ్గరికి వచ్చినప్పుడు, ఎవరు పోయినా ఊరంతా సమాధుల తోట దాకా నడుస్తారనీ, ఆ రోజు పొలానికి ఎవరూ వెళ్ళరనీ పిల్లలు గర్వంగా చెప్పారు. అది నిజం కూడా.

అభ్యంగనం ఇంకో రెండు వారాలు ఉందనగా తెరేజకు జ్వరం తగిలింది. వచ్చింది మామూలు జ్వరం కాదు. ఇన్నారెడ్డే తన జీపు ఇచ్చి టౌనుకు పంపించాడు. ఆస్పత్రి వాళ్ళు రెండు రోజులు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఇంటికి వచ్చాక ఆమె పాపాలు ఒప్పుకుంటానని ఫాదర్ గారిని పిలవమంది. ఆ ఊరి గుడి చూసుకునే విచారణ గురువులు పీఠాధిపతుల రాక గురించి మాట్లాడటానికి మేత్రాసనానికి వెళ్ళి ఉన్నారు. ఆయన తిరిగి వచ్చేసరికి తెరేజ లేదు. తెరేజ తల్లి జ్ఞానమ్మ గుమ్మంలో ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, తన బిడ్డ చివరి మాట ఆయన కోసమేనని చెప్పింది. ఆయన నమ్మారు. ఆమెను సమాధుల తోటలో పెట్టడానికి కతోలిక శ్రీసభ నియమం ఏదీ అడ్డు చెప్పదని ఆయనకు తెలుసు. పెద్దలతో ఆ మాటే అన్నారు.

పెద్దలు ఒప్పుకోలేదు. వాళ్ళలో ఎవరూ తెరేజను తిట్టలేదు. ఇన్నారెడ్డి కఠినుడు కాడు. ఆమె పోయిందని విని భోజనం ముందు నుంచి లేచిపోయిన మనిషి. కానీ ఆయనకో ఆలోచన ఉంది, అది ఆయనకు న్యాయంగానే తోచింది. "బతికున్నన్నాళ్ళూ జాలి పడ్డాం, స్వామీ. అది వేరు. ఇప్పుడామెని మన వాళ్ళ పక్కన పెడితే ఎదుగుతున్న పిల్లలకి ఏం నేర్పినట్టు?" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. అందరికీ ఈడొచ్చిన ఆడపిల్లలున్నారు. విచారణ గురువులు ఆ ఊరికి కొత్త. పీఠాధిపతులు వచ్చే ముందు పెద్దలతో పేచీ పెట్టుకుంటే పందిరి దగ్గర నుంచి భోజనాల దాకా అన్నీ ఆగిపోతాయి. పీఠాధిపతులు వచ్చి వెళ్ళాక ఈ సంగతి నిదానంగా మాట్లాడదామన్నారు. శవం అప్పటిదాకా ఆగదని అక్కడున్న అందరికీ తెలుసు. 

పిల్లలకు సంగతి తెలిసింది. బడి అయ్యాక జ్ఞానోపదేశానికి వచ్చినప్పుడు జసింత చోటు ఖాళీగా ఉంది. లూర్దుమేరి లేచి, మనందరం కొవ్వొత్తులు పట్టుకుని జసింత వాళ్ళింటికి వెళ్దాం సిస్టర్ అంది. మిగతా పిల్లలు కూడా లేచి నిలబడ్డారు. పెద్దవాళ్ళు రాకపోతే మేమే మోస్తాం అన్నాడు ఒకడు. పదమూడేళ్ళ వాళ్ళు, వాళ్ళకు శవం బరువు తెలియదు. కానీ ఆ క్షణాన వాళ్ళు వెళ్ళేవాళ్ళే. సిస్టర్ వాళ్ళను కూర్చోమని చెప్పి, విచారణ గురువుల దగ్గరికి వెళ్ళింది. లోపల ఏం మాట్లాడుకున్నారో గానీ, తిరిగి వచ్చేటప్పుడు ఆమె నడక మెల్లగా ఉంది. పెద్దల మాట వినడం కూడా దేవుని ఆజ్ఞేనని చెప్పింది. మనం చేయగలిగింది ప్రార్థన, ఇక్కడే కూర్చుని తెరేజమ్మ ఆత్మ కోసం జపమాల చెప్పుకుందాం అంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నారు.

బేరన్లలో తెరేజతో పనిచేసిన వాళ్ళు పాడె కట్టారు. వాళ్ళలో కతోలికులెవరూ లేరు. ఊరి బయట వాగు గట్టున గుంట తీశారు. ఇంటి నుంచి వాగుకు దారి బడి పక్కనుంచే. పాడె అక్కడికి వచ్చేసరికి లోపల జపమాల సగంలో ఉంది. కిటికీలు తెరిచి ఉన్నాయి. పిల్లలు కొందరు తలలు తిప్పారు. సిస్టర్ గొంతు పెంచింది. పిల్లలు కూడా గొంతులు పెంచారు. పాడె వెనక నడుస్తున్న జసింత ఆగి కిటికీలోంచి చూసింది. మోకాళ్ళ మీద వరసగా తన తరగతి వాళ్ళు. జపమాలలు పట్టుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా తన తల్లి పేరు చెప్పి ప్రార్థిస్తున్నారు. లూర్దుమేరి మాత్రం కళ్ళు తెరిచి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లూర్దుమేరి లేవలేదు. కాసేపటికి అది కూడా కళ్ళు మూసుకుంది. వాగు గట్టున ప్రార్థన ఎలా చెప్పాలో మోసినవాళ్ళకు తెలియదు. జ్ఞానమ్మ పరలోక జపం మొదలుపెట్టి మధ్యలో చెప్పలేకపోయింది. మిగతాది జసింత చెప్పింది.

వారం తిరక్కుండా జసింత మళ్ళీ జ్ఞానోపదేశానికి వచ్చింది. రావద్దని ఎవరూ అనలేదు. అందరూ దాన్ని ప్రేమగానే చూశారు. చాక్లెట్లు ఇచ్చారు, పక్కన కూర్చోబెట్టుకున్నారు. వాగు సంగతి మాత్రం ఎత్తలేదు. చివరి రోజు సిస్టర్ మొత్తం పాఠాలు మళ్ళీ ఒకసారి చెప్పించింది. దయాకార్యాల దగ్గరికి వచ్చినప్పుడు ఆరోది అయ్యాక, ఇవి మీకు వచ్చు కదా అని, పరిశుద్ధాత్మ వరాల పాఠంలోకి వెళ్ళిపోయింది. పిల్లలు కూడా ఆమెతో పాటే వెళ్ళిపోయారు. జసింత ఒక్కతే ఇంకా నోరు తెరిచి ఉండి, తర్వాత మూసుకుంది.

పీఠాధిపతులు వచ్చారు. మంచివారు, పిల్లలంటే ఇష్టం. అభ్యంగనం ఇచ్చే ముందు పిల్లలతో కాసేపు మాట్లాడి నాలుగు ప్రశ్నలు అడగడం ఆయనకు సరదా. ఏ ఊళ్ళోనైనా బాగా చదివే పిల్లల్ని ముందు వరసలో నిలబెడతారని ఆయనకు తెలుసు. అందుకని నవ్వుతూ వెనక వరస వైపు చూసి, చివరన నిలబడ్డ జసింతను పిలిచారు. దయాకార్యాలు చెప్పమ్మా అన్నారు. జసింత చెప్పింది. స్పష్టంగా, తొందర లేకుండా ఆరు చెప్పి ఆగింది. పీఠాధిపతులు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, ఒకటి మర్చిపోయావమ్మా, నిదానంగా గుర్తు తెచ్చుకో అన్నారు.

"మర్చిపోలేదండి" అంది జసింత. "అది మా ఊళ్ళో చెయ్యరు."

ఆ పిల్ల ధిక్కారంగా అనలేదు. ఆ మాట అనేటప్పుడు దాని గొంతు పాఠం అప్పజెప్పినట్టే ఉందని సిస్టర్ చెప్పింది. మన ఊళ్ళో దీన్ని ఎలా చేస్తారో చెప్పమని ఆమే కదా నేర్పింది.  ఎందుకు చెయ్యరని పీఠాధిపతులు అడగబోయారు. ఈలోగా విచారణ గురువులు వంగి ఆయన చెవిలో, ఈ పిల్ల తల్లి మొన్ననే పోయిందండీ, పిల్ల మనసు ఇంకా స్థిమితపడలేదు అన్నారు. అందులో అబద్ధం లేదు. పీఠాధిపతుల మొహం మారిపోయింది. జసింతను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థించారు. బాధలో ఉన్న పిల్లను తొందర పెట్టవద్దనీ, వచ్చే ఏడాది తీసుకుంటుందనీ చెప్పారు. ఆ చెప్పడం కూడా ఎంతో దయగా చెప్పారు. జసింత తలూపి వరసలోంచి బయటికి వచ్చింది. ఎటు వెళ్ళాలో తెలియక, వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

పీఠాధిపతులు అదే ప్రశ్న ముందు వరసలో ఉన్న పిల్లను అడిగారు. అది లూర్దుమేరి. లూర్దుమేరి తండ్రి వైపు ఒకసారి చూసింది. తర్వాత చేతులు జోడించి ఏడూ చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఏడోది చెప్పేటప్పుడు గొంతు కొంచెం గట్టిగానే పలికింది. పీఠాధిపతులు శభాష్ అని మెచ్చుకుని, ఈ విచారణలో జ్ఞానోపదేశం చాలా బాగా జరుగుతోందని అందరి ముందూ సిస్టర్‌ను పొగిడారు. ఇన్నారెడ్డి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత పిల్లలందరూ ఒక్కొక్కరే వచ్చి నుదుట తైలం వేయించుకున్నారు. పందిట్లో భోజనాలు బాగా జరిగాయి. సిస్టర్ ఒక ఆకులో అన్నం, కూర కట్టించుకుని జ్ఞానమ్మ ఇంటికి వెళ్ళింది. జసింత తలుపు తీసి, ఆకు అందుకుని, థాంక్యూ సిస్టర్ అంది.  అది ఇంకేదైనా అంటుందేమోనని సిస్టర్ గుమ్మంలో కాసేపు నిలబడి తిరిగి వచ్చేసింది. పీఠాధిపతులు వెళ్ళాక వాగు గట్టు సంగతి నిదానంగా మాట్లాడదామన్నారు గదా, ఆ మాటలు జరగలేదు. ఆమె అప్పటికే మట్టిలో ఉంది, ఇక కదిలించడమెందుకన్నారు.

గురువులు అక్కడితో ఆగారు. జసింత మరుసటి ఏడాది అభ్యంగనం తీసుకుందా అని జోజిబాబు అడిగాడు. లేదన్నారు గురువులు. వేసవి సెలవుల్లో జ్ఞానమ్మ మనవరాలిని తీసుకుని ఇంకో కూతురి ఊరికి వెళ్ళిపోయింది. జసింత అక్కడే చదువుకుని నర్సు అయింది. చాలా ఏళ్ళ తర్వాత తాను వెతుక్కుంటూ వెళ్ళి కలిశానని చెప్పారు. ఆమె కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చింది. సిస్టర్ ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. ఆస్పత్రిలో దిక్కులేకుండా పోయినవాళ్ళు ఉంటే మున్సిపాలిటీ వాళ్ళు వచ్చేదాకా తమ అమ్మే దగ్గర ఉంటుందని ఆమె పిల్లలు చెప్పారు. గోడ మీద సిలువ లేదు. గుడికి వెళుతున్నావా అని ఆయన అడగలేదు. 

 లోపల బ్రదర్లు భోజనానికి కూర్చుంటున్న చప్పుడు వినిపిస్తోంది. జోజిబాబు, ఆ సిస్టర్ అంత కష్టపడి చెప్పిన చదువంతా ఆ పిల్లల విషయంలో వృథా అయిపోయిందన్నమాట అన్నాడు.

రాయప్ప గురువులు కుర్చీలోంచి లేచారు.

"వృథా ఎందుకవుతుంది? బాగానే నేర్చుకున్నారు" అన్నారు. "ఇప్పుడు ఆ విచారణకి పెద్దలు వాళ్ళే."